మా రెండో ఆల్బమ్‌లో నాలుగో పాట

మా బ్యాండు రెండో ఆల్బమ్‌ను నేను మొదటిసారి విన్నది ఒక ఆదివారం మధ్యాహ్నం. దిల్‌సుఖ్‌నగర్‌లో నేను పాఠాలు చెప్పే కోచింగ్ సెంటర్ రెండో అంతస్తులో, రెండు వందల ఖాళీ కుర్చీల మధ్య కూర్చుని విన్నాను. మొత్తం నలభై తొమ్మిది నిమిషాలు. అందులో మొదటి ముప్పై నిమిషాలు నేను చాలా మర్యాదగా ఉన్నాను. ఆ సంగతి ముందే రాసిపెడుతున్నాను, తర్వాత రాసే అవకాశం రాకపోవచ్చు.

"మా బ్యాండు" అన్నాను. అలవాటు. గొడవంతా ఆ మాట దగ్గరే.

ప్రోగ్రెసివ్ రాక్ అంటే ఏమిటో తెలియనివాళ్లకు రెండు ముక్కలు చెప్తాను. గిటార్లూ డ్రమ్సూ ఉంటాయి కాబట్టి రాక్. పాట పదకొండు నిమిషాలుంటుంది, గాయకుడు నాలుగో నిమిషంలో గానీ నోరు విప్పడు, తాళం మధ్యలో మూడుసార్లు మారుతుంది కాబట్టి ప్రోగ్రెసివ్. మా అమ్మకు ఒకసారి ఇదంతా ఓపిగ్గా వివరించాను. విని, "ఎవరూ ఆపమనలేదా?" అని అడిగింది. ఈ సంగీతం మీద నేను విన్న విమర్శల్లో అంత క్లుప్తమైనది ఇంకొకటి లేదు.

బ్యాండులో నలుగురం. నేను డ్రమ్స్. కీబోర్డు వాయించేవాడు ఇంటర్లో నా పక్క బెంచీ. వాళ్ల నాన్న నల్గొండ వైపు పల్లె నుంచి వచ్చి ఎల్బీనగర్‌లో స్థిరపడ్డాడు. వీడు అక్కడి చర్చిలో పన్నెండో ఏట నుంచి కీబోర్డు వాయిస్తున్నాడు. నేను ఇంజనీరింగ్ చదివి బ్యాంకు పరీక్షల పిల్లలకు రీజనింగ్ చెప్పుకుంటున్నాను. వాడు డిప్లొమా చేసి కొత్తపేటలో ఒక డయాగ్నస్టిక్ సెంటర్లో ఎక్స్‌రేలు తీస్తున్నాడు. చదివినదానికి సంబంధమున్న పని చేస్తున్నది మా ఇద్దరిలో వాడొక్కడే. మిగతా ఇద్దరు, ఒక గిటారిస్టు, బేస్ గిటార్ వాయిస్తూ పాడే ఇంకొకడు, మాకంటే చిన్నవాళ్లు. నన్ను అన్నా అంటారు. అంటారు, అంతే.

మొదటి ఆల్బమ్ గడ్డిఅన్నారంలో, పళ్ల మార్కెట్ ఇంకా అక్కడే ఉన్న రోజుల్లో, బత్తాయిల గోదాము మీద ఒక గదిలో రికార్డు చేశాం. లారీకీ లారీకీ మధ్య వాయించేవాళ్లం. రెండో పాట చివర్లో జాగ్రత్తగా వింటే "ఎన్కకు, ఎన్కకు, ఇంకా ఎన్కకు" అని ఒక హమాలీ లారీని వెనక్కి తీయించడం వినిపిస్తుంది. తీసేయడం చేతగాక ఉంచేశాం. విన్నవాళ్లు అందులో ఏదో లోతైన అర్థం ఉందనుకున్నారు. మేం అవుననీ అనలేదు, కాదనీ అనలేదు.

మాకు ఒక పని పద్ధతి ఉండేది. అపార్టుమెంట్లలో డ్రమ్స్ వాయించనివ్వరు. చైతన్యపురిలో మా ఫ్లాటు కింద ఉండే ఆయన నేను గ్లాసు టేబుల్ మీద పెట్టినా పైకి వచ్చేవాడు. అందుకని మేం సగం సాధన నోటితో చేసేవాళ్లం. చిన్నప్పుడు నాలుగేళ్లు మృదంగం నేర్చుకున్నాను. చేతులకు ఏమీ రాలేదు గానీ నోటికి బాగా వచ్చింది. ఏడు అక్షరాల తాళమైతే తకిట తకధిమి. తొమ్మిదైతే దానికి ఇంకో తక. "త" అంటే కాలితో కొట్టే పెద్ద డ్రమ్ము, "ధి" అంటే ఎడమచేత్తో కొట్టే చిన్న డ్రమ్ము, స్నేర్, "క" "కి" "ట" "మి" అంటే కుడిచేత్తో కొట్టే ఇత్తడి తాళాలు. ఈ పట్టిక రాసి కీబోర్డు వాడికి ఇస్తే, వాడు దాన్ని వాళ్లింట్లో ఫ్రిజ్ మీద, యేసుప్రభువు క్యాలెండర్ పక్కన అతికించుకున్నాడు. నేను ఫోన్‌లో నోటితో తాళం చెప్పి పంపితే, వాళ్లు దాన్ని పెట్టుకుని సాధన చేసేవాళ్లు. దానికి మేం పెట్టుకున్న పేరు గైడ్.

రెండో ఆల్బమ్ పాటలు ఏడూ సిద్ధమయ్యాక, రికార్డింగ్‌కు పది రోజుల ముందు, ఎల్బీనగర్ ఫ్లైఓవర్ కింద ఎవరో పోసిన ఇసుక మీద నా స్కూటర్ జారింది. ఎడమ మణికట్టు విరిగింది. ఎక్స్‌రే తీసింది మా కీబోర్డు వాడే. సీసపు కోటు వేసుకుని, ప్లేటు మీద నా చేతిని పసిపిల్లను పడుకోబెట్టినట్టు పెట్టాడు.

"పరేషాన్ గాకు మామా," అన్నాడు. "ఆరు వారాలు కట్టు. ఆల్బమ్ యాడికీ పోదు. నువ్వు లేకుండ మేం ఏం పీకుతం?"

ఆ ఆరు వారాల్లో ఖాళీగా ఉండలేక ఏడు పాటలకూ గైడ్ చెప్పి పంపాను. ఒక చెవిలో టిక్కుటిక్కుమని లెక్క చెప్పే మెట్రోనోమ్, డైనింగ్ టేబుల్ మీద ఫోను. కట్టు విప్పారు. వాడే మళ్లీ ఎక్స్‌రే తీశాడు. "మంచిగనే ఉన్నది," అన్నాడు. డాక్టరు రిపోర్టులో "సంతృప్తికరం" అని ఉంది. ఎవరికి సంతృప్తికరమో రాయలేదు. నేను రబ్బరు బంతి నొక్కుకుంటూ, డ్రమ్స్ రికార్డింగ్‌కు ఎప్పుడు పిలుస్తారా అని చూస్తూ కూర్చున్నాను. అడిగినప్పుడల్లా కీబోర్డు భాగాలు ఇంకా అవ్వలేదనేవాడు. మధ్యలో ఒక్కసారి రిహార్సల్‌కు వెళ్లాను. మూడో పాటలో ఎడమచేతి కర్ర జారి కింద పడింది. కర్రలు పడుతుంటాయి. నేను తీసుకుని మళ్లీ వాయించాను. ఎవరూ ఏమీ అనలేదు. ఎవరూ ఏమీ అనకపోవడం గురించి నేను అప్పుడే ఆలోచించాల్సింది.

స్కూటర్ జారిన ఐదున్నర నెలలకు మెసేజ్ వచ్చింది. "మామా, ఆల్బమ్ అయిపోయింది. సండే వినిపిస్తా. మీ ఇన్‌స్టిట్యూట్‌ల పెద్ద స్పీకర్లున్నయ్ గద."

అయిపోయింది అన్న మాటను మూడుసార్లు చదివాను. నేను ఊళ్లో ఉండగానే, నన్ను రమ్మనకుండా, నా పెళ్లి చేసేసినట్టుంది.

ఆదివారం తాళం తీసి వాణ్ణి లోపల కూర్చోబెట్టాను. బోర్డు మీద శనివారం నాటి లెక్క అలాగే ఉంది: ఒకావిడను చూపించి ఒకాయన "ఈమె మా అమ్మ ఏకైక కొడుకు భార్య" అంటే ఆమె అతనికి ఏమవుతుంది. పక్క గదిలో మాక్ టెస్టు జరుగుతోంది కాబట్టి పాట చిన్నగా పెట్టుకోవాలి, మేం ఇంకా చిన్నగా మాట్లాడుకోవాలి. వాడు ల్యాప్‌టాప్‌ను పాఠం చెప్పే మైకు సిస్టమ్‌కు కలిపాడు. మనిషి గొంతు కోసం చేసిన స్పీకర్లవి. వాటిలో ఏది పెట్టినా కాసేపటికి "ఆన్సర్ ఆప్షన్ సి" అంటుందేమో అనిపిస్తుంది.

మొదటి పాట చర్చి ఆర్గన్‌లాంటి ధ్వనితో మొదలైంది. బాగుంది. చాలా బాగుంది, అదే మొదటి దెబ్బ. తర్వాత డ్రమ్స్ వచ్చాయి. నేను వాయించాల్సినవి వాయించాల్సిన చోటే వచ్చాయి, కానీ వాటి వెనక చేతులు లేవు. ఒక్క దెబ్బ అటూ ఇటూ పోదు. రిజిస్ట్రార్ ఆఫీసులో ముద్రలు వేస్తున్నట్టుంది.

"డ్రమ్స్ ఎవరు?" అన్నాను.

"ప్రోగ్రామింగ్ చేసిన మామా. నీ గైడ్ వెట్టుకొని, దెబ్బ దెబ్బకు కంప్యూటర్ల దింపిన. నాలుగు నెలలు పట్టింది. నా కండ్లు వోయినయ్." వాడి మొహం వెలిగిపోతోంది. "ఎట్లుంది?"

"పూర్తిగా విననీ," అన్నాను. ఇదే నేను చెప్పిన మర్యాద.

రెండో పాట, మూడో పాట. ప్రతిచోటా నేనే వినిపిస్తున్నాను. ఊపిరి తీసుకోవడానికి నేను "మి" దగ్గర సగం మింగేసిన చోట కంప్యూటర్ కూడా సగం మింగింది. పంపిన ఉత్తరంలోని కొట్టివేతలతో సహా ఎవరో అచ్చు వేయించినట్టుంది. అలా ఉండగా నాలుగో పాట వచ్చింది. పదకొండు నిమిషాలు, ఏడు అక్షరాల తాళం. ఐదో నిమిషంలో అన్నిటి వెనక నుంచి ఒక సన్నని ధ్వని పైకి లేచింది. ఆవిరిలా లేచి, కీచుమని, తగ్గిపోయింది. సింథసైజర్. ఆరున్నరో నిమిషంలో మళ్లీ లేచింది. నాకు ఎక్కడో విన్నట్టే ఉంది. ఎనిమిదో నిమిషంలో మూడోసారి లేచింది, ఈసారి గట్టిగా, దాంతోపాటు తాళం ఏడు నుంచి ఒక్కసారి తొమ్మిదికి సాగి, ఏమీ జరగనట్టు మళ్లీ ఏడుకి వచ్చింది.

వాడు నా మోచేయి పట్టుకున్నాడు. "గిదీ మామా! గీ జాగా! నీ గైడ్ల ఇన్నప్పుడు నాకు రోమాలు లేసినయ్. మూడు విజిల్లు వెట్టి, మూడో దాని మీద రెండక్షరాలు గుంజినవ్ సూడు. నేను దాన్నే సింథ్ల చేసిన. ఆల్బమ్ మొత్తంల నాకు నచ్చిన జాగా గిదే."

గైడ్ చెప్పిన రోజు గుర్తొచ్చింది. మా అమ్మ పై ఫ్లాటుకు వెళ్తూ, మూడు విజిల్స్ రాగానే స్టవ్ ఆపమని చెప్పింది. రెండు విజిల్స్ దాకా తాళం చెప్తూనే కూర్చున్నాను. మూడోది రాగానే "ధిమీ" అని సాగదీస్తూ లేచి, రెండడుగుల్లో ఉన్న స్టవ్‌ను కుడిచేత్తో ఆపి, వచ్చి తకిట అందుకున్నాను. మెట్రోనోమ్ ఆగలేదు కాబట్టి రెండక్షరాలు ఎక్కువ పడ్డాయి. ఆ రోజు కందిపప్పు.

చెప్పేయొచ్చు. చెప్పలేదు. కోపం వచ్చినప్పుడు నాకు మాట తగ్గుతుంది. చాలామంది దాన్ని నిగ్రహం అనుకుంటారు.

"పేర్లు ఎలా వేశారు?" అన్నాను.

ఫోన్ తీసి చూపించాడు. వచ్చే బుధవారం సాయంత్రం ఆల్బమ్ నెట్‌లో పెట్టేటప్పుడు దానితో పాటు వెళ్లే పేజీ. డ్రమ్స్ ప్రోగ్రామింగ్ అన్నచోట వాడి పేరుంది. తాళాలు ఎవరు కట్టారో ఎక్కడా లేదు. నా పేరు చివర్లో, ప్రత్యేక కృతజ్ఞతలు అన్న శీర్షిక కింద దొరికింది. పాస్టరు గారు మొదట, కొత్తపేట టిఫిన్ సెంటర్ రెండు, నేను మూడు. నా తర్వాత ఎవరూ లేరు.

ఇక్కడితో ముప్పై నిమిషాలు అయిపోయినట్టు లెక్క.

"టిఫిన్ సెంటర్ వాళ్లు ఏ పాటకు తాళం కట్టార్రా?"

"గట్లంటవేంది మామా! నువ్వు వాయించలే గద. వాయించినోళ్ల పేరే వడ్తది. నువ్వు గైడ్ ఇచ్చినవ్, నోటితోని."

"నేను క్లాసులో చెప్పేదీ నోటితోనే. పిల్లలు పెన్నుతో రాసుకుంటారు. అంతమాత్రాన క్లాసు వాళ్లు చెప్పినట్టా?"

"లొల్లి జేయకు, పక్కల పరీక్ష నడుస్తుంది."

నిజానికి అప్పటిదాకా ఇద్దరం గుసగుసలాడుతూనే ఉన్నాం. జీవితంలో నాకు వచ్చిన అతిపెద్ద కోపాన్ని గుసగుసగా ప్రదర్శించాల్సి రావడం మీద నాకు ఈ రోజుకీ అసంతృప్తి ఉంది.

"నన్ను ఎందుకు పిలవలేదు? కట్టు విప్పి నాలుగు నెలలైంది. చెయ్యి మంచిగానే ఉందని నువ్వే అన్నావు."

వాడు బోర్డు వైపు చూశాడు. ఆ లెక్కకు జవాబు ఆలోచిస్తున్నవాడిలా చూశాడు.

"బొక్క అతికింది మామా. జర వంకర అతికింది. ఫిల్మ్‌ల కొట్టొచ్చినట్టు కనవడ్డది. మామూలు పన్లకు ఏం కాదు. ఏడక్షరాల మీద పదకొండు నిమిషాలు ఆపకుండ కొట్టుడంటే... ఆ దినం కర్ర జారింది గద. నీకెట్ల జెప్పాలె?"

"వాళ్లకెలా చెప్పావు?"

వాడు బల్ల మీది సుద్దముక్కను అటూ ఇటూ దొర్లించాడు. అంటే చెప్పాడన్నమాట. నా చెయ్యి లోపల ఏముందో గిటారిస్టుకు తెలుసు, బేస్ వాడికి తెలుసు, బహుశా పాస్టరు గారికి కూడా తెలుసు. తెలియనిది ఆ చేత్తో రోజూ రబ్బరు బంతి నొక్కుతున్నవాడికి మాత్రమే.

"నువ్వు బాధపడ్తవని..." అన్నాడు.

"చాలా శ్రద్ధ తీసుకున్నావు," అన్నాను.

మిగిలిన మూడు పాటలూ విన్నాను. ఒక్క ముక్క గుర్తులేదు. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, "ఒపీనియన్ జెప్పలే?" అన్నాడు. తలుపుకు తాళం వేసే పనిలో ఉన్నట్టు నటించాను. నిజానికి వాడింకా తలుపు లోపలే ఉన్నాడు.

సోమవారం ఉదయం ఇంట్లో చిన్న స్పీకర్ మీద నాలుగో పాట మళ్లీ పెట్టాను. కోపం సరిగ్గా ఉందో లేదో చూసుకోవడానికి. ఎనిమిదో నిమిషంలో మూడో విజిల్ లేవగానే మా అమ్మ బాల్కనీలోంచి పరుగెత్తుకొచ్చి స్టవ్ దగ్గర నిలబడింది. స్టవ్ మీద ఏమీ లేదు.

"ఇప్పుడు కుక్కర్ కూసింది కదరా?"

"కూసింది. పాటలో."

కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి కూర్చుంది. జీవితంలో మొదటిసారి మా పాటను రెండు నిమిషాలు వరసగా విన్నది. "ఇది నువ్వు కట్టుతో ఉన్నప్పుడు, అన్నానికి రమ్మంటే రాకుండా వాగినదే కదూ? అక్కడ సాగుతుంది చూడు, నువ్వు 'ధిమీ' అన్నట్టు. అచ్చం నువ్వే." తర్వాత, "నీ పేరు వేశారా?" అంది.

"వేశారు. టిఫిన్ సెంటర్ కింద."

"ఏ టిఫిన్ సెంటర్?"

చెప్పాను.

"వాళ్ల అల్లం చట్నీ బాగుంటుందిలే," అని లేచి వెళ్లింది. వంటింట్లోంచి కాసేపటికి, నా వైపు చూడకుండా, గొంతు మార్చి అంది: "వెళ్లి అడుగు. మొహమాటపడకు. మీ నాన్న కూడా ఇలాగే, జోకులేసి ఊరుకునేవారు."

మంగళవారం సాయంత్రం అడగడానికే వెళ్లాను. చైతన్యపురిలో మెట్రో ఎక్కితే రెండో స్టేషన్ ఎల్బీనగర్. కోపాన్ని మాటల్లో పెట్టుకోవడానికి ఆ దూరం సరిపోదు. నా పేరు తాళం దగ్గర పడాలి, లేదా అసలు ఎక్కడా ఉండకూడదు. అంతవరకే తయారుచేసుకోగలిగాను.

వాళ్ల చర్చి పక్క హాల్లో రిహార్సల్. ఆల్బమ్ వచ్చాక శనివారం ఒక కాలేజీలో వాయించబోతున్నారు. ప్లాస్టిక్ కుర్చీలు ఒకదానిలో ఒకటి పెట్టి గోడకు ఆనించి ఉన్నాయి. నా డ్రమ్స్ మూల ఉన్నాయి. వాటి మీద పూల దుప్పటి కప్పారు. దుమ్ము పడకుండానే అయ్యుంటుంది. నాకు మాత్రం ఎవరో పోయినట్టు కనిపించింది. నేను కూర్చునే చోట ఒక స్టూలు, స్టూలు మీద ల్యాప్‌టాప్.

"అన్నా!" అన్నాడు గిటారిస్టు, మరీ ఎక్కువ ఉత్సాహంగా. తప్పు చేసినవాళ్ల ఉత్సాహం నేను గుర్తుపట్టగలను. హోంవర్కు చెయ్యని పిల్లలు రోజూ అలాగే గుడ్ మార్నింగ్ చెప్తారు.

"కానివ్వండి," అని ఒక కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

నాలుగో పాట మొదలుపెట్టారు. ల్యాప్‌టాప్ ముద్రలు వేస్తోంది. ఎనిమిదో నిమిషం దాకా సాఫీగా వెళ్లింది. ఆ జాగా రాగానే గిటారిస్టు రెండక్షరాలు ముందే దిగిపోయాడు. బేస్ వాడు వాడి వెంట దిగాడు. ల్యాప్‌టాప్ ఎవరికోసమూ ఆగకుండా తన దారిన తాను వెళ్లిపోయింది. మళ్లీ మొదలుపెట్టారు. మళ్లీ దిగిపోయారు. స్టూడియోలో ఎవరి ముక్క వాళ్లు విడిగా రికార్డు చేసుకున్నారు, అప్పుడు తెలియలేదు. నలుగురూ కలిసి దాటాలంటే ఆ రెండక్షరాలు ఎందుకున్నాయో ఎవరికో ఒకరికి తెలియాలి. మూడోసారి గిటారిస్టు గిటారు తీసి కుర్చీ మీద పడేశాడు.

"అన్నా, నువ్వన్నా జెప్పు. ఈడ లెక్క ఏంది? ఏడుల తొమ్మిది ఎందుకొస్తుంది? అన్నను అడిగితే," కీబోర్డు వాడి వైపు చేయి చూపించాడు, "'ఫీల్ గారా, ఫీల్ గా' అంటున్నడు. ఎంతని ఫీల్ గావాలె?"

కీబోర్డు వాడు నా వైపు చూశాడు. ఆ చూపులో నమ్మకం ఉంది. నేను ఇప్పుడు ఏదో చెప్తాను, అది విని అందరికీ రోమాలు లేస్తాయి, అన్న నమ్మకం. నాకు అన్నిటికంటే ఎక్కువ మండింది అక్కడే. నేను దగ్గినా సంగీతమే అనుకునేంత నమ్మకం ఉన్నవాడు, నా ఊపిరిని కూడా వదలకుండా నాలుగు నెలలు కళ్లు పోగొట్టుకుని దింపినవాడు, పేరు రాసే దగ్గరికి వచ్చేసరికి టిఫిన్ సెంటర్ దాకా వెళ్లొచ్చాడు.

"లెక్క ఏమీ లేదు," అన్నాను. "కుక్కర్."

"ఏంది?"

"అమ్మ స్టవ్ ఆపమంది. మూడో విజిల్‌కు లేచి ఆపొచ్చాను. రెండక్షరాలు పట్టింది. వంటగది ఇంకాస్త దూరమైతే పదకొండు పడేవి."

బేస్ వాడు నవ్వడం మొదలుపెట్టి, మొహాలు చూసి ఆపేశాడు. కీబోర్డు వాడి చెవులు ఎర్రబడ్డాయి.

"మరి ఆదివారం జెప్పలేవేంది?"

"నీకెట్ల జెప్పాలె?" అన్నాను, వాడి మాటే, వాడి యాసలోనే. "నువ్వు బాధపడ్తవని."

నేను అనుకున్నంత హాయిగా ఏమీ అనిపించలేదు. వాడు చాలాసేపు కీబోర్డు మీద దుమ్ము లేనిచోట తుడిచాడు. తర్వాత ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాడు.

"తీసేస్త. ఏడే జేస్త. గంట పని. రేపు పొద్దుగాల్ల కొత్త ఫైల్ వంపిస్త."

"ముట్టుకోకు," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఇక్కడ పక్క గదిలో పరీక్ష లేదు. "అది తప్పే. నా తప్పు. ఆ పాట అంతా నా నోట్లోంచి వచ్చింది, ఒప్పు నాది, తప్పు నాది. ఒప్పులకు ఎలాగూ పేరు రాయలేదు, కనీసం తప్పుకు రాయి. డ్రమ్స్ అని రాయకు. వాయించలేదు, ఒప్పుకుంటాను. తాళం అని రాయి. ఏడు పాటలకూ. నీ పేరు ప్రోగ్రామింగ్ దగ్గర అలాగే ఉంచుకో, నువ్వు కష్టపడ్డావు. కృతజ్ఞతల్లోంచి మాత్రం నన్ను తీసెయ్. నాకు మీరు కృతజ్ఞతలు చెప్పడమేంట్రా? నేనేమన్నా బయటివాణ్ణా?"

చివరి వాక్యం తయారుచేసుకుని వచ్చింది కాదు. అది కాస్త పైస్థాయిలో వచ్చింది. పక్కన చర్చిలో ఊడుస్తున్న ఆవిడ తొంగిచూసి, చీపురుతో సహా వెళ్లిపోయింది.

వాడు పేజీ తెరిచాడు. రెండు వేళ్లతో టైపు చేశాడు, ఎప్పుడూ అంతే. ల్యాప్‌టాప్ నా వైపు తిప్పాడు. తాళం, నా పేరు. డ్రమ్స్ ప్రోగ్రామింగ్ పైన. కృతజ్ఞతల్లో టిఫిన్ సెంటర్ చివరికి చేరింది.

"చెయ్యి సంగతి నీకే ముందుగల్ల జెప్పాల్సుండె," అన్నాడు తెర వైపు చూస్తూ. "నాకు ధైర్యం జాల్లే మామా."

"చాల్లేదు," అన్నాను. ఓదార్చడానికి నాకు ఏ మాటా దొరకలేదు. వెతకలేదు కూడా.

తర్వాత లేచి వెళ్లి దుప్పటి తీశాను. ఎవరూ కూర్చోమనలేదు. స్టూలు మీది ల్యాప్‌టాప్ తీసి నేల మీద పెట్టి, స్టూలు లాక్కుని కూర్చున్నాను. నాలుగో పాట. ఎడమచెయ్యి మూడో నిమిషం నుంచే తన సంగతి గుర్తుచేయడం మొదలుపెట్టింది. ఐదో నిమిషంలో నొప్పి మోచేతికి వచ్చింది. కీబోర్డు వాడు నా మణికట్టునే చూస్తున్నాడు, ఫిల్మ్ చూసినట్టు. ఎనిమిదో నిమిషంలో ఆ జాగా వచ్చినప్పుడు తలెత్తి గిటారిస్టును చూసి "ధిమీ" అని అరిచాను. అందరం దాటాం, నలుగురం ఒకేసారి. దాటిన పది సెకన్లకు ఎడమచేతి కర్ర జారి బేస్ వాడి కాళ్ల దగ్గర పడింది. ఈసారి వంగలేదు. మిగిలిన మూడు నిమిషాలూ కుడిచేత్తో, కాళ్లతో లాక్కొచ్చాను. అక్కడక్కడా బాగుంది. అక్కడక్కడా బాగా లేదు.

"శనివారం?" అన్నాడు గిటారిస్టు, ఎవరి వైపూ చూడకుండా.

"నాలుగో పాట ఒక్కటి నేను వాయిస్తాను. కర్ర పడితే పడుతుంది. మిగతావాటికి మీ మిషన్ పెట్టుకోండి."

బయటికి వచ్చి చెప్పులు వేసుకుంటుంటే కీబోర్డు వాడు బండి తాళం తిప్పుతూ వెనకే వచ్చాడు. దింపుతానన్నాడు. మెట్రో ఉందన్నాను.

"కోపం తగ్గిందా మామా?"

"లేదు."

తల ఊపాడు. గురువారం రిహార్సల్ ఐదున్నరకని చెప్పాడు. ఐదుకే వస్తాననీ, అప్పటికి డ్రమ్స్ మీద దుప్పటి కనిపించకూడదనీ చెప్పాను. చేతికి వేడినీళ్ల కాపడం పెట్టుకోమన్నాడు. అది నాకు డాక్టరు చెప్తాడన్నాను.